యాదవ్వ బోర్లించిన కుండ

సుక్కమ్మకు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏదో ఒక దిగులు ఉండాలి. ఏ దిగులూ లేని రోజు వస్తే, ఇంత నిమ్మళంగా ఉందేమిటి, ఏం ముంచుకొస్తుందో ఏమోనని దానికీ దిగులు పడుతుంది. ఆ ఎండాకాలం మాత్రం ఆమె దిగులును వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. తూంకుంట దాటి శామీర్‌పేట వైపు వస్తుంటే రోడ్డు దిగువన ఉండే కంచలో సున్నపు గీతలు పడ్డాయి.

కంచ అంటే గొర్లు మేసే గడ్డినేల. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఎటు చూసినా కంచలే. ఇప్పుడు ప్లాట్లకూ ప్రహరీలకూ పోగా ఈ ఒక్క ముక్క మిగిలింది. అందులో బండలు, తంగేడు పొదలు, మోకాలెత్తు నెండ్రగడ్డి తప్ప మరేమీ కనిపించవు. ఏమీ కనిపించదు కాబట్టే చూడవచ్చిన ఆఫీసర్లకు అది ఉత్త బీడు అనిపించింది. సున్నపు గీతల వెంట జేసీబీతో కందకాలు తీసి, మిరుగు కార్తె తొలి వానలు పడగానే మొక్కలు నాటి, చుట్టూ ఇనుప తీగ లాగుతారట. నల్ల సంచుల్లో నీలగిరి, కానుగ మొక్కలు అప్పుడే లారీలు దిగి రోడ్డు పక్కన వరసగా నిలబడి ఉన్నాయి.

చెట్లు పెడితే మంచిదే కదా అన్నారు అందరూ. చెట్టు వద్దని ఎవరంటారు? సుక్కమ్మ కొడుకు పర్వతాలు ఒక్కడే అన్నాడు. అతనికి గొర్లున్నాయి గనక అతని మాటను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. తీగ లాగిన రోజున మందను అమ్ముకోవడం తప్ప అతనికి మరో దారి లేదు. ఆ సంగతి తల్లికీ తెలుసు, కొడుక్కీ తెలుసు. ఇంట్లో ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోకుండా అన్నం తింటున్నారు.

కంచ మధ్యలో ఒక మిట్ట మీద గుండ్రంగా పేర్చిన పెద్ద పెద్ద రాళ్లున్నాయి. రాకాసి గుళ్లంటారు. ఏ కాలంవాళ్లో తమ చనిపోయినవాళ్లను పెట్టుకున్న చోట్లవి. జేసీబీ రాకముందే వాటిని తవ్వి చూసి రాసిపెట్టుకోవాలని శైలజ అనే పురావస్తు అమ్మాయి అనుమతి తెచ్చుకుంది. రోజూ అల్వాల్ నుంచి స్కూటీ మీద వస్తుంది. తవ్విన మట్టిని జల్లెడ పట్టడానికి కూలికి కుదిరినవాళ్లలో సుక్కమ్మ ఒకతె, హజీరా ఒకతె. హజీరా పెనిమిటి ఫరీద్ గొర్ల బేరగాడు. పర్వతాలు మందలో పిల్ల పుడితే తల్లికంటే ముందు ఫరీద్‌కు తెలుస్తుందని ఊళ్లో వేళాకోళం.

"అక్కా, నువ్వు మట్టి జల్లిస్తున్నవా, గోధుమ పిండి జల్లిస్తున్నవా? గింత మెల్లగయితే రొట్టెలు రేపటికొస్తయ్" అంది హజీరా.

"నీ లెక్క విసిరి కొడితే మేడం పూసలన్నీ పోయి చెరువుల పడ్తయ్."

"పడనీ. చేపలన్న సింగారించుకుంటయ్."

వాళ్లు కూర్చున్నది మిట్ట కింద, తాటిపత్రి పట్టా కట్టిన పందిరి నీడన. తవ్వకం నడిచేది మిట్ట మీద. సుక్కమ్మ ఎప్పుడూ పైకి ఎక్కలేదు. మోకాళ్లు నొప్పులంది. మోకాళ్లు నొప్పులే, కాదనలేం. కానీ అదొక్కటే కారణం కాదు.

ఆ మధ్యాహ్నం శైలజ ఒక పళ్లెం పట్టుకుని దాదాపు పరుగున దిగివచ్చింది. పళ్లెంలో తెల్లటి బూడిద, అందులో అక్కడక్కడా నల్లటి ఉండలు.

"అవ్వా, చూడు. ఇది ఏందో తెల్సా? గొర్రె పెంటికలు కాలిన బూడిద. రాళ్ల వరసకు ఆనుకునే ఉంది, మస్తు మందంగా ఉంది. ఇంత పెంట కాలిందంటే ఇక్కడ పెద్ద గొర్ల దొడ్డి ఉండాలె." ఆమె ఆగకుండా చెప్పుకుపోయింది. "ఇది రాకాసి గుళ్ల కాలందే అయితే, అప్పటికే ఇది గొర్లు మేసే గడ్డినేల అన్నట్టు. అడవి నరికితే బీడు అయిందని కదా సార్లు అంటున్నరు? తప్పు. ఇది ఎప్పుడూ గడ్డే. ఈ గడ్డిని నమ్ముకుని కౌజు పిట్టలున్నయ్, కుందేళ్లున్నయ్, నక్కలున్నయ్. నీలగిరి పెడితే ఈ గడ్డి బతకదు, గడ్డి పోతే అవీ పోతయ్. నేను ఇదే రాసి ఇస్త. పరమేష్ సార్ పని ఆపక తప్పదు."

పరమేష్ మొక్కల పని చూసే ఆఫీసరు.

ఈ మాట పర్వతాలు చెవిన పడటానికి ఎంతోసేపు పట్టలేదు. మందను వదిలేసి వచ్చి, మేకపాల చాయ కాయించి అందరికీ తానే పోశాడు. "మేడం, మీ బూడిద చల్లగుండ!" అన్నాడు. హజీరా పకపకా నవ్వింది. సుక్కమ్మ చేతిలో చాయ చల్లారిపోయింది. ఆమె చూపు పళ్లెం మీదనే ఉంది. ఆ బూడిద ఏనాటిదో ఆమెకు తెలుసు.

ఒక ఏడాది ఈ మిట్ట మీది దొడ్డిలో గొర్లకు అమ్మతల్లి పోసింది. సుక్కమ్మకు అప్పుడు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో. పొద్దున చూసేసరికి దొడ్డిలో కొన్ని గొర్లు లేవకుండా ఉండేవి. రోగం తిరిగిన దొడ్డిని వాళ్లవాళ్లు మళ్లీ వాడరు. చుట్టూ ఉన్న ముళ్లకంపను లోపలికి లాగి, ఏళ్లుగా పేరుకున్న పెంట మీద వేసి నిప్పు పెడతారు. అది రోజుల తరబడి కుములుతుంది. బతికిన నాలుగు గొర్లను పంచుకుని ఇంటివాళ్లు అక్కడే విడిపోతారు. దూరం పోయేవాళ్లు ఒక కొత్త కుండ తెచ్చి దొడ్డి అంచున బోర్లిస్తారు. ఇంటికి మళ్లేవాళ్లు వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే రోగం వెంట వస్తుందని భయం.

ఆ రోజు దూరం పోయింది సుక్కమ్మ అక్క యాదవ్వ. తల్లి లేని పిల్లను చంకనేసుకుని పెంచింది ఆమే. పెళ్లయి ఏడాది తిరగలేదు. అత్తింటివాళ్లు మిగిలిన గొర్లను తోలుకుని గడ్డి వెతుక్కుంటూ పడమటికి, బీదర్ దిక్కు పోతున్నారు. యాదవ్వ కుండ పట్టుకుని నిలబడింది. నాయిన సుక్కమ్మ చెయ్యి పట్టుకుని తూర్పుకు, ఊరి దారిన నడిపించాడు. అక్క పిలుస్తుందేమోనని పిల్ల చెవులు రిక్కించింది. పిలవలేదు. తల తిప్పబోతే నాయిన చెయ్యి బిగించాడు.

అంతే. మేడ్చల్ సంతలో ఒకసారి ఎవరో అటునుంచి వచ్చినవాళ్లు యాదవ్వ ఆడపిల్లను కన్నదని చెప్పారు. ఆ తర్వాత ఆపాటి కబురు మోసుకొచ్చేవాళ్లు కూడా లేకపోయారు. సుక్కమ్మ ఎంత తలుచుకున్నా అక్క ముఖం రాదు. తన వేళ్లను నలిపేస్తున్న నాయిన చెయ్యే వస్తుంది. అక్క ఎందుకు పిలవలేదు? చెల్లె తిరిగి చూడలేదని మనసు కష్టపెట్టుకుందా? ఈ ప్రశ్న ఆమెతోపాటు పెళ్లాడింది, పిల్లల్ని కన్నది, ముసలిదైంది.

సాయంత్రం ఇంట్లో కొడుక్కు చెప్పింది. పర్వతాలు వింటూ వింటూ నవ్వు ఆపేశాడు.

"ఇంకెవలకన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. గా బూడిద మీద మన పేరు రాసున్నదా? మేడం పాతదంటాంది, పాతదే. ఎవలకు నష్టం?"

"ఎవలకు లేదు బిడ్డా. కానీ..."

"కానీ ఏంది? గొర్లు పోతే నేనేం జేయాలె? ఆ తీగ బయట వాచ్‌మెన్‌గ కూసోవాల్నా?"

సుక్కమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అది ఎన్నడో రాకాసోళ్ల బూడిద అంటే, మా అక్క లేనట్టే కదరా. దాని కాడ్నుంచి నాకు మిగిలింది గా జాగ ఒక్కటే. అదీ వేరేటోళ్లకు రాసిస్తమా?"

మర్నాడు పొద్దున తల్లి బయల్దేరుతుంటే పర్వతాలు అడ్డుపడలేదు. మందను అటే తోలుకుని, ఆమె వెనకే వచ్చాడు.

శైలజ బూడిదను చిన్న చిన్న సంచుల్లో కడుతోంది. సుక్కమ్మ చెప్పింది విని కట్టడం ఆపింది. తలకు చుట్టుకున్న చున్నీ విప్పి ఒళ్లో పెట్టుకుని, మిట్ట వైపు చూసింది. చెప్పి పాపం చేశానా, చెప్పకుండా ఉంటే పాపం చేసేదాన్నా అని సుక్కమ్మకు తెలియడం లేదు.

"ఈ సంచులు ల్యాబుకు పోతే ఎట్లయినా బయటపడేది అవ్వా" అంది చివరికి శైలజ. "కానీ నెలలు పట్టేది. ఆలోగా నేను రాసిచ్చేదాన్ని. తర్వాత తప్పని తేలితే నా మాట ఇంకెవరూ నమ్మేవాళ్లు కాదు, ఈ కంచ గురించి ఎవరేం చెప్పినా వినేవాళ్లు కాదు." ఆగి అడిగింది. "అది మీ దొడ్డే అని నాకు నమ్మకం ఎట్ల కుదరాలె?"

"కుండ ఉంటది. బోర్లించి ఉంటది."

"ఎక్కడ?"

"పడమటి దిక్కు. వాళ్లు గటే పోయిండ్రు."

ఇన్నేళ్లలో మొదటిసారి సుక్కమ్మ ఆ మిట్ట ఎక్కింది. హజీరా రెక్క పట్టుకుని ఎక్కించింది. పడమటి అంచున తాడు కట్టి తవ్వారు. మట్టి వచ్చింది, రాళ్లు వచ్చాయి, ఒక ఎలుక బొరియ వచ్చింది. కుండ లేదు. మరునాడూ తవ్వారు. లేదు.

పర్వతాలు ముఖం కాస్త తేటపడింది. "మేడం, మా అమ్మకు యాది తప్పుతాంది. నిన్న ఉప్పు డబ్బల శక్కెర పోసింది. దాని మాట పట్టుకుని పరేషాన్ గాకుండ్రి."

"శక్కెర పోసింది నీ పెండ్లాం" అంది సుక్కమ్మ. కానీ తనకే అనుమానం వచ్చింది. కుండ బోర్లించడం తను చూసిందెక్కడ? వీపు తిప్పి నడుస్తోంది కదా. పడమటికి పోయారు గనక పడమట ఉంటుందని అనుకుంటూ వచ్చింది. ఇన్నేళ్లూ అలా అనుకుని అనుకుని, చూసినట్టే అయిపోయింది. ఆ మాటే శైలజకు చెప్పింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

శైలజ కోప్పడలేదు. బూడిద అంచు ఎక్కడిదాకా ఉందో చుట్టూ గీసుకుంటూ వెళ్తానంది. అలా గీసుకుంటూ వెళ్లిన మూడో పూట తూర్పు వైపు నుంచి కేక వేసింది.

తూర్పు అంచున, వానలకు జారిన బూడిద కింద, మట్టికుండ ఉంది. మూతి నేలకు ఆనించి, అడుగు పైకి. ఒక పక్క చిన్న పగులు తప్ప ఎక్కడా చెదరలేదు. చక్రం మీద చేసింది. భుజం మీద సుద్దతో వేసిన చుక్కలు ఇంకా లీలగా కనిపిస్తున్నాయి. శైలజ కుంచెతో మట్టి దులుపుతూ, "ఇది పాతకాలంది కాదు, అవ్వ చెప్పింది నిజం" అంది, ఎవరితోనో కాదు, తనతో తానే అనుకున్నట్టు.

సుక్కమ్మ వినడం లేదు. కుండ దగ్గర నిలబడి చూసింది. అక్కడి నుంచి కిందికి దిగితే ఊరి దారి. ఇప్పుడు దాని మీద ఎవరిదో కాంపౌండు గోడ లేచింది గానీ, దారి అదే. నాయిన చెయ్యి పట్టుకుని తను దిగిన దారి. పడమటికి పోవాల్సిన యాదవ్వ, కాలుతున్న దొడ్డి చుట్టూ తిరిగి, ఈ అంచుకు వచ్చింది. తన వెనకే వచ్చింది. పిలిస్తే చెల్లె వెనక్కి తిరిగి చూస్తుంది గనక పిలవలేదు. కుండను ఇక్కడ బోర్లించి, చెల్లె వీపు కనిపించినంత సేపూ ఇక్కడే నిలబడి ఉంటుంది.

"ఏమైంది అక్కా?" అంది హజీరా.

"ఏం లేదు. ఈడిదాక వచ్చింది."

హజీరాకు యాదవ్వ సంగతి తెలుసు. తన బుర్ఖా కొసతో సుక్కమ్మ ముఖం తుడిచి, "మట్టి పడ్డది" అంది.

పర్వతాలు దూరంగా బండ మీద కూర్చుని గొర్లను చూస్తున్నాడు. కుండ దొరికింది, ఇక మంద పోయినట్టే. సుక్కమ్మ అతని వంక చూడకుండా కుండ పక్కనే చతికిలబడింది. శైలజ వచ్చి ఆమె పక్కనే నేల మీద కూలబడింది.

"అవ్వా, ఇంత పెద్ద కంచలో దొడ్డి ఈ మిట్ట మీదనే ఎందుకు వేసిండ్రు?"

"ఈడ నీళ్లు నిలువయి బిడ్డా. గొర్రెకు కాలు తడిస్తే కుంటొస్తది. గాలాడ్తది. నక్కొస్తే నాలుగు దిక్కులా అగుపడ్తది. మా తాత కూడ ఈడనే ఏసేటోడట."

"మీ తాత కంటే ముందు?"

"నాకేమెరుక? ఎవలున్నా ఈడనే ఏస్తరు. గొర్రెకు ఎప్పుడైనా గొర్రె బుద్ధే కదా."

శైలజ ఆమె వంక చూసింది. తర్వాత బూడిద గుంత వంక చూసింది. బూడిద దొరికిన సంబరంలో తవ్వకం అక్కడే ఆపేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. లేచి, చీపురూ తాపీ పట్టుకుని గుంతలోకి దిగింది.

బూడిద కింద మామూలు ఎర్రమట్టి. జానెడు లోతు వరకూ ఏమీ లేదు. ఇంకో జానెడు. పర్వతాలు కూడా వచ్చి గట్టున నిలబడ్డాడు. ఆ మర్నాడు మధ్యాహ్నానికి మట్టి రంగు మారింది. మళ్లీ బూడిద. ఈసారిది పొడిపొడిగా లేదు, సున్నపురాయిలా గట్టిపడి ఉంది. దానిలో కుండ పెంకులు దొరికాయి. చక్రం ముఖం చూడనివి, చేత్తో ఒత్తి చేసినవి, వంకరటింకరవి. శైలజ వాటిని అరచేతిలో పెట్టుకుని ఒక్కొక్కటే తిప్పి చూసింది.

బూడిద కిందున్న బంకమట్టిని దులిపినప్పుడు పిలుపు సుక్కమ్మకే వచ్చింది. "అవ్వా, నువ్వే చూసి చెప్పు."

మంటకు ఇటుకలా కాలిన మట్టి మీద అచ్చులున్నాయి. చిన్నవి, జంటజంటగా, ఒకదాని మీద ఒకటి తొక్కుకుంటూ. వాన పడిన మర్నాడు దొడ్డి వాకిట్లో ఉన్నట్టే.

పర్వతాలు గబుక్కున గుంతలోకి దిగాడు. "గొర్ల డెక్కలు!" అన్నాడు. "అమ్మా, గిది చూడు, గీ చిన్నది పిల్లది. తల్లి పక్కపొంటి పోయింది." చెయ్యి చాపి, ముట్టుకోవచ్చా అన్నట్టు శైలజ వంక చూశాడు. ఆమె తలూపింది. వేలి కొసతో ఒక్క అచ్చును ముట్టుకున్నాడు.

పరమేష్ ఆ వారమే వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఎండన పడి వచ్చి, మజ్జిగ తాగి, విషయం చెప్పండన్నాడు. శైలజ రెండు గాజు గిన్నెలు చూపించింది. ఒకదానిలో పై బూడిదలో దొరికిన మాడిన గింజలు, రెండోదానిలో కింది బూడిదలోవి. భూతద్దం చేతికిచ్చింది.

"ఈ పైది అవ్వవాళ్ల దొడ్డి. సుమారుగ ఏ ఏటిదో మనకు తెలుసు, ఏ గడ్డి మేసినయో అవ్వకు తెలుసు. దీన్ని పక్కన పెట్టుకుని కిందిది చదివిన. అందులో కూడ నెండ్రగడ్డే, అందులో కూడ రేగు కంప, పరికి కంప బొగ్గే. పెద్ద చెట్టు బొగ్గు లేదు. కిందిది ఎన్ని వేల ఏండ్లదో ల్యాబు చెప్తది. అప్పటికీ ఇప్పటికీ ఈ నేల మీద గడ్డే ఉన్నది సార్."

"మరి నా మొక్కలు?" అన్నాడు పరమేష్ దీనంగా. "అన్ని వచ్చి కూసున్నయ్. నాటకపోతే ఎండిపోతయ్. గడ్డి కోసం చెట్లు ఆపిన అంటే పైన నన్ను చూసి నవ్వుతరు."

"నీడ లేక యాప్రాల్ దిక్కు కాలనీలోళ్లు మొత్తుకుంటాండ్రు సారూ" అంది హజీరా. "మా బిడ్డ సుమయ్య ఆడనే ఉంటది. బస్సు కోసం నిలబడితే నెత్తి మాడిపోతదట. గాడ పెట్టరాదు?"

పరమేష్ నవ్వాడు. గుంత దగ్గరికి వెళ్లి, ప్యాంటు పైకి లాక్కుని, వంగి డెక్కల అచ్చులు చూశాడు. చాలాసేపు చూశాడు. అవతల అవే డెక్కలతో పర్వతాలు మంద గడ్డి కొరుకుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎప్పటికీ రానని మాటియ్యలేను మేడం. నా చేతుల లేదు. కానీ మీ రిపోర్టు వచ్చేదాంక జేసీబీ రాదు. మొక్కలు రోడ్ల పొంటి పంపిస్త." సుక్కమ్మ వైపు తిరిగి, "అవ్వా, ఈ ఏటికైతే మీ గొర్లకు భయం లేదు" అన్నాడు.

ఈ ఏటికి అన్నాడు. వచ్చే ఏటి సంగతి ఏమిటని సుక్కమ్మ అప్పుడే దిగులు మొదలుపెట్టింది. అయినా ఆ దిగులు వేరు. దానితో అన్నం తినొచ్చు.

చివరి రోజు గుంతల్లో ప్లాస్టిక్ పట్టాలు పరిచి మట్టి కప్పేశారు. పెంకులూ సంచులూ పెట్టెల్లో సర్దారు. కుండను గడ్డిలో చుట్టి విడిగా పెట్టారు. శైలజ బెరుకుగా వచ్చి అడిగింది. "అవ్వా, ఈ కుండ తీసుకుపోక తప్పదు. పై బూడిద మీ దొడ్డిదే అనేందుకు ఇదే సాక్ష్యం. నీకు ఇష్టమేనా?"

సుక్కమ్మ కుండను ఒళ్లో పెట్టుకుని ఉంది. మెడకు ఒక అట్టముక్క దారంతో కట్టి ఉంది. ఎవరూ చెప్పకుండా సినిమా పోస్టర్ల మీద, బస్సు బోర్డుల మీద చదువు నేర్చుకున్న మనిషి ఆమె. వేలు పెట్టి కూడబలుక్కుంది. శామీర్‌పేట కంచ. పై బూడిద. తూర్పు అంచు. బోర్లించినవారు: యాదవ్వ.

చివరి పేరు దగ్గర వేలు ఆగిపోయింది.

"జాగ్రత్త బిడ్డా" అని కుండను చేతికిచ్చింది. "పగులున్న దిక్కు పట్టకు."

పెట్టెలెక్కించుకున్న వ్యాను కంచలోంచి కుదుపులతో కదిలి తూంకుంట వైపు తిరిగింది. కూలివాళ్లు ఊరి దారి పట్టారు. సుక్కమ్మ మాత్రం మిట్ట తూర్పు అంచునే నిలబడి వ్యానును చూస్తోంది.

"పద అక్కా" అంది హజీరా. "వెనకకు చూడొద్దంటరు గద మీల?"

"గది రోగమొచ్చినప్పుడు హజీరా."

వ్యాను కొత్త ఇళ్ల మధ్యకు చేరి, ఒక గోడ వెనక మాయమై, మళ్లీ కనిపించి, చిన్నదైంది. కనిపించినంత సేపూ సుక్కమ్మ చూసింది. ఆమె చుట్టూ గొర్లు చేరి, కొత్తగా కప్పిన మట్టిని వాసన చూసి, తుమ్మి, గడ్డి ఉన్న వైపు మళ్లాయి.